వెలిసిపోయిన గుర్తు

కొండదారిని కాపలా కాసే ఎలుగుబంటి ప్రతి జంతువునూ వాసన చూశాకే దాటనిచ్చేది. నమ్మకస్తుల నుదుట మాత్రం ఎర్రమట్టి గుర్తు వేసేది. ఆ గుర్తుతో దుప్పి ఎప్పుడూ వరుసను దాటుకుని దర్జాగా వెళ్ళిపోయేది.

"గుర్తు వెలిసిపోతోంది. మళ్ళీ పరీక్షించి కొత్తది వేయడానికి రెండు నెలలు పడుతుంది, ఇప్పుడే అడుగు," అంది ఎలుగుబంటి.

"నన్నెవరు ఆపుతారులే!" అంది దుప్పి.

ఒకనాడు కొండ అవతల చెల్లెలికి ప్రసవం కష్టమైందని దుప్పికి కబురొచ్చింది. దుప్పి పరుగున వచ్చింది. నుదుట గుర్తు లేదు.

"నేనెవరో తెలీదా?"

"తెలుసు. వెళ్ళి వరుసలో నిలబడు," అంది ఎలుగుబంటి.

వరుస వాగు దాకా ఉంది. చెల్లెలి సంగతి చెప్పుకుని దుప్పి ఏడ్చింది. తెల్లారినప్పటి నుంచి నిలబడి ముందుకొచ్చిన తాబేలు పక్కకు జరిగింది.

"నా చోటులోకి రామ్మా. నేను చివరికి పోతాను."

దుప్పి వేళకే చేరింది.

"ఇంత తొందరగా ఎలా వచ్చావక్కా?" అని చెల్లెలు మురిసిపోయింది.

వరుస చివరికి పోయిన తాబేలు గుర్తొచ్చి దుప్పి తలెత్తలేకపోయింది.