మాగ్నెటో పుట్టుపూర్వోత్తరాలు

"ఇది ఎక్కడ పుట్టింది?" అడిగింది హమీదా.

నూకాలు బుర్ర గోక్కున్నాడు. వన్ టౌన్‌లో ఓడల పాత సామాను అమ్ముకునే అతన్ని ఇన్నేళ్ళలో ఎవరూ అలాంటి ప్రశ్న అడగలేదు.

"మా కొట్లోనే మేడం," అన్నాడు.

టేబుల్ మీదున్నది మాగ్నెటో. విమానం ఇంజనుకి నిప్పురవ్వ అందించేది అదే. అది పాడైపోయి, ఫ్లయింగ్ క్లబ్బు వారి తాతలనాటి విమానం ఏళ్ళుగా షెడ్డులో దుమ్ము తింటోంది. ఉగాదిలోగా ఎగిరితే సరే. ఎగరకపోతే పార్కులో పిల్లలెక్కి ఫొటోలు దిగే బొమ్మ అయిపోతుంది.

ఎగిరితే నడిపేది కెప్టెన్ కరీం బాషా. డెబ్బై దాటాయి. ఆ రకం విమానం నడపడం తెలిసినవాడు ఊళ్ళో ఆయనొక్కడే. ఒక్కసారి, ఒంటరిగా, సముద్రం మీద చుట్టు తిప్పి దింపేస్తే చాలని రోజూ దువా చేస్తున్నాడు. ఆ దువా పైదాకా వెళ్ళిందేమో గానీ, హమీదా టేబుల్ మాత్రం దాటలేదు.

హమీదా ఆయన భార్య. ఆయన ఖర్మకొద్దీ, క్లబ్బులో విడిభాగాల కాగితాలు తనిఖీ చేసేది కూడా ఆవిడే.

విమానాల లోకంలో ఓ ఆచారం ఉంది. ఏ కంపెనీలో పుట్టింది, ఏ ఇంజనులో కాపురం చేసింది, ఎవరు విప్పారు, ఎవరు బాగుచేశారు, ఇవన్నీ రాసిన చీటీ వెంట లేకపోతే, ఎంత తళతళలాడినా అది తుక్కే. హమీదా సంతకం లేనిదే మేకు కూడా ఇంజను ఎక్కదు.

నూకాలు మాగ్నెటో వెనక్కి పోయింది.

రెండోది కోల్‌కతా నుంచి చీటీతో సహా వచ్చింది. హమీదా దాన్ని భూతద్దం కింద పెట్టి, నంబరు మీద నంబరు కొట్టినట్టుందని పక్కకి నెట్టేసింది.

క్లబ్బు సెక్రటరీ శ్రీరామ్మూర్తికి ఒళ్ళు మండింది.

"ఏటమ్మా ఇది? పెళ్ళి సంబంధానికి కూడా ఇంత వాకబు సెయ్యరు."

"సంబంధం చెడితే పిల్ల పుట్టింటికొస్తాది, శ్రీరామ్మూర్తి గారూ. ఇది చెడితే తిన్నగా సముద్రంలోకే."

కరీం బాషా లేచి షెడ్డు వైపు నడిచాడు. భార్యతో వాదించి గెలిచిన పైలట్ ఇంకా పుట్టలేదు.

మూడోది ఇంగ్లండ్ నుంచి దిగింది. సామాను కంటే కాగితాల బరువే ఎక్కువ. తాతముత్తాతల దాకా అన్నీ ఉన్నాయి. శ్రీరామ్మూర్తి ముందుగానే మాడుగుల హల్వా తెప్పించేశాడు. కరీం బాషా పాత యూనిఫాం ఇస్త్రీ చేయించుకుని మరీ వచ్చాడు.

హమీదా కళ్ళద్దాలు తుడుచుకుంది. చదివింది. మళ్ళీ తుడుచుకుంది.

"ఇక్కడ ఒక సంతకం కింద తేదీ లేదు."

"ఆ సంతకం పెట్టినోడు ఈపాటికి సచ్చిపోయుంటాడమ్మా."

"అయితే వారసుల చేత ఉత్తరం రాయించండి."

హల్వా ముక్క శ్రీరామ్మూర్తి చేతిలోనే ఉండిపోయింది. కరీం బాషా వైపు తిరిగాడు.

"బావా, మీకూ మీకూ ఏటైనా ఉంటే ఇంటికాడ తేల్చుకోండి. మజ్జిలో ఇంజనేటి పాపం సేసింది?"

కరీం బాషా భార్య దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"హమీదా, నాకోసం. ఒక్క సంతకం."

"ఆఫీసులో కెప్టెన్ గారు నాకేమీ కారు," అంది ఆవిడ, కాగితాలు కట్ట కడుతూ.

ఉగాది వచ్చింది, వెళ్ళింది. వెనకే లారీ వచ్చింది. విమానాన్ని పార్కుకి పంపే కాగితం టేబుల్ మీద పెడితే, హమీదా ఒక్క ముక్క చదవకుండా సంతకం గీకేసింది.

రెక్కలు ఊడదీసిన విమానం లారీ మీద గేటు దాటుతుంటే కరీం బాషా సెల్యూట్ చేశాడు. చెయ్యి దించడానికి చాలాసేపు పట్టింది. మొగుడి ఆఖరి ముచ్చటని కాగితాల కింద తొక్కేసిన ఇల్లాలిని క్లబ్బు క్లబ్బంతా కళ్ళారా చూసి తరించింది.

"మనిషి కాదు, రాయి," అన్నాడు శ్రీరామ్మూర్తి, ఆవిడకి వినబడేలాగే.

హమీదా గదికి తాళం వేసుకుంది.

ఆగి ఆగి కొట్టుకుంటున్న కరీం బాషా గుండెకి కిందటేడు పేస్‌మేకర్ పెట్టించిన సంగతి క్లబ్బులో ఎవరికీ చెప్పనని, ఆవిడ మొగుడికి మాటిచ్చింది.