ఖాళీ సగం

సమాధుల పండగని సలోమి తన భర్త సమాధిరాయికి సున్నం వేస్తోంది. ఈ రోజుల్లో పోయినవాళ్ల గొంతుతో మాట్లాడని రాయి ఎక్కడుంది గనుక! ఇంట్లోవాళ్ల నాడి కొలిచే చేతిపట్టీల నుంచి వాళ్ల ఒంట్లో సంగతులు కూడా రాళ్లకు తెలిసిపోతుంటాయి.

పక్క సమాధి మీద ఏసుపాదం అక్షరాలు చెక్కుతున్నాడు. ఆలుమగలిద్దరికీ కలిపి నిలిపే జంటరాయిలో బతికున్నవాళ్ల సగాన్ని ఉలితో తాకకూడదన్నది అతని తాతలనాటి కట్టుబాటు.

"ఒంట్లో బాగుందా, సలోమీ?" అంది రాయి.

"బానే ఉందయ్యా. కాస్త ఆయాసం, అంతే."

ఆమె బకెట్ పట్టుకుని కుళాయి దగ్గరికి వెళ్లింది. రాయి గొంతు తగ్గించింది.

"ఏసుపాదం, నా పక్కన ఖాళీ సగం చెక్కడం మొదలుపెట్టరా."

"తప్పన్నా! వదిన బతికే ఉందిగా?"

"తేదీ కూడా వేసెయ్. ఇవాళ్టిదే."

ఏసుపాదం తలెత్తి విన్నాడు. బకెట్ నిండి నీళ్లు పొర్లిపోతున్నాయి. కుళాయి ఎవరూ కట్టేయడం లేదు.