పదకొండు కెమెరాలు

మా వీధిలో మా ఇంటికి తప్ప అందరికీ కెమెరాలున్నాయి. మొన్న పొద్దున మిర్చి కోతకు పోతున్న కూలామెను మా మలుపులో ఒక కారు గుద్ది వెళ్ళిపోయింది. ఎస్సై వచ్చి అడిగితే పదకొండు ఇళ్ళవాళ్ళూ ఒకే మాట చెప్పారు, కెమెరా పనిచేయడం లేదని.

ఆమెకు ఖమ్మం దవాఖానాలో ఇంకా తెలివి రాలేదు. ఆమె కోసం మోకరించాను. కోపంతో ప్రార్థన నోటికి రాలేదు. లేచి వెళ్ళి ఎదురింటి సారంగపాణి తలుపు కొట్టాను.

"నీ కోడిపుంజు పోయిననాడు పనిచేసిన కెమెరా, మనిషి పడితే పనిచెయ్యదా?"

"కరెంటు లేకుండె అక్కా."

"మా ఇంట్ల ఫ్యాను తిరిగింది."

"నీకెందుకీ లొల్లి? పోయి ప్రార్థన చేసుకోరాదూ."

"ఆమె ప్రాణం నీ పుంజుపాటి చెయ్యదా? చూపిస్తవా, ఎస్సైని గిక్కడికే పిలవమంటవా?"

సారంగపాణి తల దించుకున్నాడు. ఫోన్ తెరిచి నా చేతిలో పెట్టాడు.

"వీధి వీధంత చూసినం అక్కా. నీకు తెల్వద్దనే గట్ల చెప్పినం."

ఫోన్‌లో తెల్ల కారు ఆమెను గుద్ది ఆగింది. డ్రైవర్ దిగాడు. పడి ఉన్నామెను వంగి చూసి, చుట్టూ చూసి, మళ్ళీ కారెక్కాడు. అమ్మ పోయాక నా చేతులతో పెంచిన తమ్ముడు.

"డిలీట్ చెయ్యమంటవా?" అన్నాడు సారంగపాణి మెల్లగా.

"ఎస్సైకి పంపు," అన్నాను. "పేరు, ఊరు నేను చెప్త."