లాగని బండి

తెల్లవారుతుండగా పెద్ద అంబర్‌పేట్ ఎత్తు దగ్గర పికప్ మళ్ళీ మొరాయించింది.

వెనకాల బత్తాయి లోడు. అవతల కొత్తపేట పండ్ల మార్కెట్‌లో వేలంపాట మొదలయ్యే వేళ.

ఇంజన్ చప్పుడు మామూలుగానే ఉంది. పొగ కూడా లేదు. లాగడం ఒక్కటే లేదు.

మహిపాల్, అతని తమ్ముడు శ్రీనివాస్ మార్కెట్ చేరేసరికి పాట అయిపోయింది.

కమీషన్ ఏజెంట్ తలెత్తి చూడను కూడా లేదు.

“ఇంకోపారి ఆలస్యమైతే లోడు వేరేటోనికి ఇస్త.”

నల్గొండ దిక్కు పల్లె నుంచి వచ్చి, చంపాపేట్‌లో ఒక గదిలో ఉంటున్న ఆ అన్నదమ్ములకు ఆ లోడే ఆధారం. బండి పాతది. ఈమధ్యే బ్రోకర్ ద్వారా కొన్నారు.

అవతల తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సులు లేవు. బండి ఉన్నవాడికి చేతినిండా పనే. కాకపోతే అది లాగే బండి అయి ఉండాలి.

ఎల్‌బీ నగర్‌లో మెకానిక్ రామస్వామి ఎయిర్ ఫిల్టర్ మార్చాడు. డీజిల్ చిమ్మే నాజిళ్ళు శుభ్రం చేయించాడు. చక్రాలను పట్టేస్తున్న బ్రేకులు వదులు చేశాడు. డీజిల్ తాగడం తగ్గింది. లాగడం మాత్రం రాలేదు.

“ఇగ డీజిల్ పంపు పెంచుడే,” అన్నాడు రామస్వామి.

“పంపు జోలికి వెళ్ళకండి బాబూ.”

అందరూ వెనక్కి తిరిగారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒక పెద్దాయన. మాట ఆంధ్రా మాట. చెయ్యి బోనెట్ మీద ఉంది.

“ఎవరు పెద్దమనిషీ నువ్వు?” అన్నాడు మహిపాల్.

“నా పేరు చక్రపాణి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటాను. ఈ బండి నాకు తెలుసు. ఇది ఇంతే లాగుతుంది. నింపాదిగా తోలుకోండి. డీజిల్ కూడా కలిసొస్తుంది.”

మహిపాల్‌కు ఒళ్ళు మండింది.

“నింపాదిగనా? యాభై ఏండ్ల సంది నింపాదిగనే ఉన్నం గద సారూ. ఇంకెంత నింపాదిగ ఉండాలె?”

షెడ్డంతా నవ్వింది. శ్రీనివాస్ ఈల కూడా వేశాడు.

“అది కాదు బాబూ. ఎందుకు చెబుతున్నానంటే, ఈ బండి...”

“ఏం చెప్పకు. నడువు.”

పెద్దాయన కదల్లేదు. డ్రైవర్ తలుపు దగ్గరికి వెళ్ళి, వంగి, పెడళ్ళ వైపు ఒకసారి చూశాడు. ఆ తర్వాత, బస్సులు లేవు గనక, దిల్‌సుఖ్‌నగర్ వైపు నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆయన వంగి చూసిన చోటే రామస్వామికి అనుమానం వచ్చింది. మ్యాట్ లేపాడు.

యాక్సిలరేటర్ పెడల్ కింద నల్లరంగు పూసిన చెక్కముక్క. బోల్టు వేసి బిగించి ఉంది. ఎంత తొక్కినా పెడల్ సగం దాటి దిగదు.

“అరె! ఇన్నొద్దులు బోనెట్ కిందనే దేవులాడినం. ఎవడో కావాలనే పెట్టిండు.”

“ఎవడో ఏంది, గాయననే,” అన్నాడు మహిపాల్. “పాత ఓనర్ ఉంటడు. బండి లాగుతలేదని మనం ఇసిగి అగ్గువకు అమ్మాలె, మల్ల ఆయననే కొనాలె. గదీ లెక్క.”

ఆ లెక్క అందరికీ నచ్చింది.

రామస్వామి బోల్టు విప్పాడు. శ్రీనివాస్ చెక్కముక్కను మురికికాలువలోకి విసిరేశాడు.

మర్నాడు అదే లోడు, అదే ఎత్తు. బండి గేరు మార్చకుండా ఎక్కేసింది.

“అన్నా, కొత్త బండే గిది!” అని శ్రీనివాస్ స్టీరింగ్‌ను ముద్దు పెట్టుకున్నాడు.

అప్పటినుంచి మార్కెట్‌కు ముందు చేరేది వాళ్ళే. ఏజెంట్ పిలిచి మరీ చాయ్ తాగించాడు. డీజిల్ కాస్త ఎక్కువ తాగుతున్నా ఎవరూ పట్టించుకోలేదు.

ఒకరోజు హైవే మీద రాస్తారోకో అన్నారు. రోడ్డు మూసేలోపే దాటేయాలని శ్రీనివాస్ ఒక్కడే లోడుతో బయలుదేరాడు.

బాటసింగారం దగ్గర రోడ్డుకు అడ్డంగా బండరాళ్ళు అప్పటికే పడి ఉన్నాయి. శ్రీనివాస్ వాటిని చూసి బ్రేకు తొక్కాడు. బండి ఆగే వేగంలో లేదు.

మహిపాల్ వెళ్ళేసరికి రోడ్డంతా బత్తాయిలు. జనం వాటిని ఏరి పక్కన కుప్ప పోస్తున్నారు. ఒక్కరూ ఒక్క కాయ కూడా తీసుకోలేదు.

అతనికి ఏడుపు రాలేదు. దవాఖానలో రాలేదు. శ్మశానంలో రాలేదు. ఎవరైనా తినమంటే తిన్నాడు, పడుకోమంటే పడుకున్నాడు. తమ్ముడి దినాలు కూడా అయిపోయాయి.

ఒక మధ్యాహ్నం లేచి, బండి ఇప్పించిన బ్రోకర్ లచ్చయ్య దగ్గరికి వెళ్ళాడు.

“పాత ఓనర్ ఇల్లు ఏడుంటది?”

“ఇప్పుడెందుకే?”

“గా చెక్క ఎందుకు పెట్టిండో అడగాలె. గప్పుడు చెప్తనంటే నేనే ఇనలే. ఇప్పుడు ఇంట.”

“బక్కయ్య ఊరికి పోయిండు. మీ నల్గొండ దిక్కే.”

“బక్కయ్య ఎవరు? నేను అడిగేది చక్రపాణి సార్‌ను. ఆంధ్రాయన.”

లచ్చయ్య చేతిలోని చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

“గాయన ఓనర్ కాదు మహిపాల్. బండి చేతులు మారిందని తెలిసి, చెక్క ఉన్నదా లేదా అని చూడనీకి ఒచ్చిండు.”

“ఆయనకేం పని?”



“బక్కయ్య స్పీడుగ తోలినప్పుడు గా బండి కిందనే గాయన కొడుకు పోయిండు, కేసొద్దు, పైసలొద్దు, ఇంకో ఇంట్ల గిట్ల కావొద్దని గా చెక్కొక్కటే పెట్టిపిచ్చుకున్నడు.”