తుఫానుకు బ్రేకు

“ఆ పెట్టె ముట్టుకోకు. పాత సామాన్లవాడు వస్తున్నాడు,” అన్నాడు మాస్టారు.

పెట్టె హాలు మధ్యలో ఉంది. దాన్ని అటక మీంచి దించిందీ ఆయనే, నడిచే దారికి అడ్డంగా పెట్టిందీ ఆయనే. సోఫాలో ఉన్న భార్య తల తిప్పి చూసింది. కుడివైపు పక్షవాతం వచ్చి ఆస్పత్రి నుంచి తిరిగొచ్చాక ఆవిడ దేన్నైనా అలా తల తిప్పి చూడటం అదే మొదలు.

“అందులో నా రికార్డులున్నాయి.”

“ఉంటే? చెంచా పట్టుకోవడమే రావట్లేదు, ఇప్పుడు డీజే చేస్తావా?”

“చేస్తా!”

“ఈ వయసులోనా? వీల్లేదు.”

“మిమ్మల్నెవరడిగారు?”

పెళ్ళికి ముందు ఆవిడ ‘డీజే తుఫాను’. ఆదివారాలు స్కేటింగ్ హాల్లో రికార్డులు తిప్పే రెండు టర్న్‌టేబుళ్ళ వెనక నిలబడి, ఒక పాట ఎక్కడ అయిందో ఇంకోటి ఎక్కడ మొదలైందో తెలియకుండా కలిపేసేది. చక్రాల బూట్ల మీద తిరిగేవాళ్ళు ఆగడం మరిచిపోయేవాళ్ళు. తర్వాత బేకరీలో పని, కూతురు, సంసారం. ఎవరైనా మానెయ్యమని అనుంటే చచ్చినా మానేది కాదు, అంత మొండిఘటం. ఎవరూ అనలేదు కాబట్టి పెట్టె దానంతటదే అటకెక్కింది.

మాస్టారు డ్రైవింగ్ స్కూల్లో పనిచేశాడు. ఉద్యోగమంతా నేర్చుకునేవాళ్ళ పక్క సీట్లో కూర్చుని, తన కాలికింద ఉండే రెండో బ్రేకు తొక్కుతూ గడిపాడు. రిటైరయ్యాక స్కూలు కారు వదిలేశాడు గానీ బ్రేకు వదల్లేదని కూతురి వెటకారం.

ఆ కూతురు సాయంత్రం రాగానే తండ్రి మీద ఒంటికాలి మీద లేచింది.

“ఫిజియో అమ్మాయిని రావద్దన్నారట, నిజమేనా నాన్నా?”

“నిజమే. మీ అమ్మ ఆ అమ్మాయి ఇచ్చిన మెత్త బంతి కిటికీలోంచి విసిరికొట్టింది. ‘నేనేమన్నా చంటిపిల్లనా బంతులాడుకోడానికి?’ అంది. అదీ ఎడంచేత్తో విసిరింది. ఇంకెందుకు రావడం?”

“ఆ చేతికి పని చెప్పకపోతే అలాగే బిగుసుకుపోతుందని చెప్పారు కదా!”

“చెప్పారు. ఆ అమ్మాయి గేటు దగ్గర నిలబెట్టి అరగంట చెప్పింది. విన్నాను.”

“విని ఏం చేశారు? అమ్మ పెట్టె అమ్మకానికి పెట్టారు!”

అమ్మకం మాత్రం జరగలేదు. పాత సామాన్లవాడు రానేలేదు. ఆ రాత్రికే కూతురు పెట్టెలోంచి టర్న్‌టేబుళ్ళు తీసి వైర్లు కలిపింది, తల్లి రికార్డు మీద ఎడంచెయ్యి వేసింది.

“కుడిచెయ్యి పెట్టకు, గీతలు పడతాయి,” అన్నాడు మాస్టారు.

ఆవిడ ఎడంచెయ్యి తీసేసి కుడిచెయ్యి పెట్టింది. వేళ్ళు జారాయి. పాట కీచుమంది. మాస్టారు చెవులు మూసుకుని, “చెప్పానా?” అన్నాడు. ఆవిడ అన్నం కూడా తినకుండా అక్కడే కూర్చుంది.

అప్పట్నుంచి ఆ ఇంట్లో రోజూ యుద్ధమే. హెడ్‌ఫోన్లు అలమర పై అరలో దాచాడు. ఆవిడ గోడ పట్టుకుని, కుడిచెయ్యి అంగుళం అంగుళం పైకి పాకించి దించుకుంది. “పొద్దున్నే ఆ గోల వద్దు,” అన్నాడు. పొద్దున్నే పెట్టింది. “మధ్యాహ్నం కాసేపు పడుకో,” అన్నాడు. మధ్యాహ్నం కూడా పెట్టింది. స్కేటింగ్ హాలు యజమాని ఆదివారం ఒక గంట వాయించమని అడిగితే, ఆవిడ నోరు తెరవకముందే “కుదరదు” అని మాస్టారు అడ్డుపడ్డాడు.

“వస్తున్నానని చెప్పండి,” అందావిడ.

“నలుగురిలో నవ్వులపాలవుతావు.”

“అయితే నేనే అవుతా. మీరెందుకు వణుకుతున్నారు?”

నిజానికి లోలోపల వణుకుతున్నది ఆవిడే. ఆ గంట చెయ్యి మొరాయిస్తే మళ్ళీ సోఫాయే గతి అని ఆవిడకి తెలుసు. అందుకే శనివారం వేళ్ళు పీకుతున్నా ఆపలేదు.

ఆదివారం హాలు నిండింది. మాస్టారు రానంటూనే వచ్చి వెనక వరసలో మొహం మాడ్చుకుని కూర్చున్నాడు. మొదటి పాట బాగానే నడిచింది. రెండోది కలిపేటప్పుడు కుడిచెయ్యి ఒక్క క్షణం మాట వినలేదు. రెండు తాళాలూ ఒకదాన్నొకటి తొక్కుకున్నాయి. తిరిగేవాళ్ళు తడబడ్డారు, ఎవరో కిసుక్కున నవ్వారు. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుని కూతురి వైపు చూసింది. కళ్ళలో నీళ్ళు.

అప్పుడే వెనక వరసలో మాస్టారు లేచి నిలబడి, కట్టేసి వచ్చెయ్ అన్నట్టు చెయ్యి ఊపాడు.

ఆవిడ మొహం జేవురించింది. “నేనా? ఆపడమా?” అని పళ్ళు కొరికి, కుడిచెయ్యి మళ్ళీ రికార్డు మీద పెట్టింది. వేళ్ళు నిలిచాయి. కాస్త వెనక్కి లాగి, కాస్త తోసి వదిలింది. తాళాలు రెండూ కలిసిపోయాయి. హాలంతా కేక వేసి ఒక్కసారిగా కదిలింది.

గంట అన్నది రెండు గంటలైంది. చివర్లో ఆవిడ మైకు కూడా కుడిచేత్తోనే అందుకుంది.

“ఈ పాట మా ఆయనకి! మొదట్నుంచీ వద్దు వద్దన్నందుకు!”

జనం విరగబడి నవ్వారు. కూతురు తండ్రి పక్కకొచ్చి, “చూశారుగా? ఇప్పటికైనా సిగ్గుగా లేదా నాన్నా?” అంది.

మాస్టారు బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. లోపలి పాట బయటికీ వినిపిస్తోంది. ఆయన ఫోన్ తీసి ఫిజియో అమ్మాయికి కలిపాడు.

“రేపట్నుంచి ఇంకేం వద్దనమంటావమ్మా?”