తలంబ్రాల పేజీ

నారాయణఖేడ్‌లో ఇంటి దగ్గరే కూర్చుని మూడు స్టూడియోలకు పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసే నర్మదకు పొద్దున్నే ఒక స్టూడియో యజమాని జగన్నాథ్ ఫోన్ చేశాడు.

"ఏంది నర్మదా గిది? తలంబ్రాల పేజీల పిలగాడు మనోడే. పక్కన పిల్ల ఎవరు? ఎనుక బాజాలోళ్లు ఎవరు? గిది పార్టీ చూస్తే నా ఇజ్జత్ ఏంగావాలె?"

నర్మద తాపీగా టీ తాగుతోంది.

"పొరపాటైందని జెప్పు, ఇడిసిపెడ్త," అన్నాడు జగన్నాథ్.

"పొరపాటు గాదన్నా. నిన్న మీరు ముగ్గురూ ఫోన్ జేసి నా పెండ్లే ముందుగాల గావాలన్నరు. అందుకే మూడు పెండ్లిండ్లు ఒక్క పీటల మీదనే జేసి, ముగ్గురికీ పంపిన. అసలు ఆల్బమ్‌లు వరుస ప్రకారం ఇస్త. నీది శుక్రారం."

అంతలోనే రెండో స్టూడియో నుంచి కాల్ వచ్చింది.

"ఇగ ఉంటనన్నా. పిల్ల తరఫోళ్లు ఫోన్ చేస్తుండ్రు."