బతికిందని ఒక ముక్క

ప్లీడరు భుజంగరావుగారి మొక్క సగం చచ్చి వచ్చింది.

బందరు స్టేషనులో పార్సిలు విడిపించుకుని, జట్కాలో ఒళ్ళో పెట్టుకుని మరీ తెచ్చుకున్నారాయన. మూత తీస్తే కుళ్ళు వాసన గుప్పుమంది. ఆకులు ముడతలు పడ్డాయి. వేళ్ళు నల్లగా నానిపోయాయి.

అది ఆర్కిడ్ మొక్క. అంతకు ముందేడు, అంటే యాభై ఏడులో, మద్రాసు పూల ప్రదర్శనలో చూసి మనసు పారేసుకున్నారు. డార్జిలింగు కొండల్లో ఒక నర్సరీవాళ్ళు రైల్లో పంపుతారని తెలిసి ఆర్డరిచ్చారు. దారిలోనే పన్నెండు రోజులు పట్టింది.

ఆ సాయంత్రమే నర్సరీకి ఇంగ్లీషులో ఉత్తరం రాశారు. బదులుగా ఇంకో మొక్క పంపాలి, ఇంత అశ్రద్ధగా పార్సిలు కట్టినవాణ్ణి పనిలోంచి తీసెయ్యాలి, లేదంటే కోర్టులో కలుసుకుందాం అని.

మూడు వారాలకి జవాబొచ్చింది. తగిన చర్య తీసుకున్నామనీ, కొత్త మొక్క చలికాలంలో పంపుతామనీ.

"చూశావా," అంటూ భార్య సువర్ణకి ఆ ఉత్తరం రెండుసార్లు చదివి వినిపించారు.

ఈలోగా గుడివాడలో మొక్కలమ్మే ఆసామి ఒకడు, బలం చాలక వాడిపోతోందని చెప్పి, ఎర్రమట్టిలో వేరుశనగ పిండి కలిపిన బస్తా ఒకటి అంటగట్టాడు. ఆ మట్టిలో పాతాక ఉన్న ఆకుల్లో రెండు రాలిపోయాయి. ఇకమీదట మొక్కలవాళ్ళెవర్నీ గేటు దాటనివ్వద్దని ఇంట్లో చెప్పేశారు ప్లీడరుగారు.

అయినా ఒక శనివారం పొద్దున్న ఒకతను లోపలికి వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. తలమీద గంపలో నాలుగు కనకాంబరం మొక్కలు. గంప దించకుండానే వసారాలో కుండీ వంక చూస్తూ నిలబడ్డాడు.

"అది మట్టిలో బతికే మొక్క కాదండీ," అన్నాడు.

"నీకెలా తెలుసు?"

"తోటల్లో పనిచేశానండి. ఒకసారి చూడనిస్తారా?"

ఎలాగూ చచ్చేదే కదా అని ప్లీడరుగారు అడ్డు చెప్పలేదు.

అతను మొక్కని మట్టిలోంచి తీసి కడిగాడు. బ్లేడు అడిగి కుళ్ళిన వేళ్ళన్నీ కోసేశాడు. కోసిన చోట బొగ్గుపొడి అద్దాడు. కొబ్బరి డొక్కకి కట్టి బావి పక్క పందిరి నీడలో వేలాడదీశాడు. కింద తడిపిన గోనెసంచి పరిచాడు. వారం దాకా మొక్క మీద చుక్క నీళ్ళు పడకూడదన్నాడు. సువర్ణ అడిగితే పేరు తోమాసనీ, ఊరు నాగాయలంకనీ చెప్పాడు.

పార్సిలు కట్టినవాణ్ణి ప్లీడరుగారు అంతసేపూ తిడుతూనే ఉన్నారు. వెళ్ళబోతూ అతను ఆయన వైపు తిరిగాడు.

"కట్టడంలో లోపం లేదేమోనండి. దారిలో ఎక్కడో ఎండలో పడుంటుంది."

"వాళ్ళ తరఫున నువ్వు వకాల్తా పుచ్చుకోకు," అన్నారు ప్లీడరుగారు.

తోమాసు గంప ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ప్రతి శనివారం వచ్చాడు. అవనిగడ్డ మీదుగా బందరు చేరేసరికి తొమ్మిదయ్యేది. డబ్బివ్వబోతే వద్దనేవాడు. సువర్ణ ఇచ్చిన మజ్జిగ మాత్రం తాగేవాడు.

ఊరికే ఎవరొస్తారు, పిలక విరుచుకుపోదామని చూస్తున్నాడని ప్లీడరుగారి అనుమానం. అతను వెళ్ళాక ఆకులు లెక్కపెట్టుకునేవారు.

పదకొండో వారం మొక్క మొదట్లో బియ్యపు గింజంత పచ్చటి వేరు మొన కనిపించింది. తోమాసు చాలాసేపు దాన్నే చూశాడు. తర్వాత సువర్ణని పిలిచి చూపించాడు.

ప్లీడరుగారికి కూడా సంతోషమేసింది. ఏం కావాలో అడగమన్నారు.

"నాకేం వద్దండి. మొక్క బతికిందని ఆ నర్సరీవాళ్ళకి ఒక ముక్క రాయండి, చాలు."

"దాంతో నీకేం పని?"

తోమాసు కాస్త తడబడ్డాడు.

"పంపినవాళ్ళు దాని గురించి అనుకుంటూ ఉంటారు కదండీ."

ప్లీడరుగారు నవ్వి, సరేలెమ్మన్నారు.

పై రెండు శనివారాలూ వస్తూనే ఉత్తరం రాశారా అని అడిగాడు. రాస్తాలే అన్నారాయన. రాస్తే పోయేదేముందని సువర్ణ కూడా అంది.

"బతికిందని మన చేత్తో మనమే రాసిస్తే ఇంకో మొక్క ఎందుకు పంపుతారే," అన్నారు ప్లీడరుగారు.

జులై ఆఖరు శనివారం తోమాసు ఏమీ అడగలేదు. గోనెసంచి తీసేశాడు. ముసురు రోజుల్లో నీళ్ళు ఎంత తగ్గించాలో సువర్ణకి చెప్పి, మజ్జిగ తాగి వెళ్ళాడు. మరి రాలేదు.

నవంబరులో మొక్క పూసింది. ఊదారంగు పూలు, ఒకే కాడకి పదిహేను. కోర్టులో తోటి ప్లీడర్లంతా చూడ్డానికి వచ్చారు. చచ్చినదాన్ని ఎలా బతికించుకున్నదీ ప్లీడరుగారు ఒక్కొక్కరికీ వివరంగా చెప్పారు.

డిసెంబరులో నర్సరీ నుంచి రెండో పెట్టె దిగింది. మూత తీస్తే మొక్క లేదు, ముద్ద ఉంది. పైన మేనేజరు ఉత్తరం.

అలవాటు ప్రకారం ప్లీడరుగారు దాన్ని తెలుగు చేస్తూ సువర్ణకి చదివి వినిపించారు.

"ఈ మొక్క కూడా పాడైతే మన్నించండి. ఇంత దూరం పార్సిళ్ళు కట్టడం బాగా తెలిసినవాడు మా దగ్గర ఒక్కడే ఉండేవాడు. పద్నాలుగేళ్ళు పనిచేశాడు. మీ ఫిర్యాదు మీద అతన్ని తీసేశాం. మొక్క బతికిందని జులై నెలాఖరులోగా మీరు రాస్తే మళ్ళీ తీసుకుంటామని చెప్పి పంపాం. మీ ఉత్తరం రాలేదు."

అక్కడ ఆయన ఆగిపోయారు.

మిగిలిన ఒక్క వాక్యం పైకి చదవలేదు: "అతనిది మీ ప్రాంతమేనట, ఊరు నాగాయలంక, పేరు తోమాసు."